స్పానిష్‌లో విశేషణం పరివారంతో వస్తుంది

స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టిన ఎవరికైనా మొదటి పాఠాల్లోనే విశేషణాలు ఎదురవుతాయి. ఆల్తో అంటే పొడుగైన, బోనీతో అంటే అందమైన, గ్రాందె అంటే పెద్ద. పురుషలింగమైతే చివర 'ఓ', స్త్రీలింగమైతే 'ఆ', బహువచనమైతే ఒక 'స్' తగిలించాలి. పుస్తకం ఆ రెండు పేజీలూ దాటేసి క్రియల్లోకి వెళ్ళిపోతుంది. చదివేవాళ్ళు కూడా విశేషణాల పని అయిపోయిందనుకుంటారు. సాయంత్రాలు ఆన్‌లైన్‌లో స్పానిష్ చెప్పే మనిషిగా నా అభిప్రాయం ఏమిటంటే, అసలు పని అక్కడే మొదలవుతుంది. వాక్యంలోకి దిగాక విశేషణం పరివారంతో వస్తుంది. ముందు ఒక 'చాలా' ఉంటుంది, వెనక ఒక 'దేనితో', ఒక 'దేనికోసం' ఉంటుంది. ఆ మొత్తం కలిస్తే విశేషణ పదబంధం. స్పెయిన్ బడుల్లో దీన్ని 'సింతాగ్మా అద్హెతిబాల్' అంటారు. 2009లో రాయల్ స్పానిష్ అకాడమీ మిగతా స్పానిష్ దేశాల అకాడమీలతో కలిసి తెచ్చిన పెద్ద వ్యాకరణంలో దాని పేరు 'గ్రూపో అద్హెతిబాల్'. ఏ పేరుతో పిలిచినా వస్తువు ఒకటే.

(ఉచ్చారణ గురించి ఒక్క మాట. ఇక్కడ స్పానిష్ మాటలన్నీ లాటిన్ అమెరికాలో వినిపించేట్టు రాస్తున్నాను. వాళ్ళ 'బీ', 'వీ' రెండూ మనకి 'బ'లాగే వినిపిస్తాయి.)

రెండు ఉదాహరణలు చూడండి. 'ఉన్ బాసో యేనో దె ఆగ్వా' అంటే నీళ్ళతో నిండిన గ్లాసు. 'ఉనా మాద్రె మూయ్ ఒర్గుయోసా దె సు ఇహా' అంటే కూతుర్ని చూసి ఎంతో గర్వపడే తల్లి. తెలుగులో గ్లాసు, తల్లి చివరికి వచ్చాయి. వాటి గురించి చెప్పాల్సిందంతా ముందే చెప్పేశాం. స్పానిష్‌లో బాసో, మాద్రె ముందే వచ్చి కూర్చున్నాయి. ఆ తర్వాతే పదబంధం మొదలైంది. దాని లోపల కూడా ఒక క్రమం ఉంది. మధ్యలో విశేషణం. దానికి ఎడమన ఎంత అని చెప్పే మాట, అంటే 'మూయ్'. కుడిన దేనితో, దేన్ని చూసి అని చెప్పే భాగం, అంటే 'దె ఆగ్వా', 'దె సు ఇహా'. ఎడమన మోతాదు, కుడిన వివరం. ఇది ఒకసారి కళ్ళకి కట్టిందంటే పొడుగు వాక్యాలు చూసినా భయం వేయదు.

కుడిపక్క వివరం ఉన్న పదబంధం నామవాచకం ముందుకి రాదు. 'ఉన్ యేనో దె ఆగ్వా బాసో' అని స్పానిష్ వాళ్ళెవరూ అనరు. కానీ తెలుగు మనసు అటే లాగుతుంది, ఎందుకంటే మన భాషలో అదే సహజమైన వరుస. ఎడమ మాట ఒక్కటే ఉంటే మాత్రం ముందుకి రావచ్చు. 'ఉనా మూయ్ బ్వేనా ఇదేఆ', చాలా మంచి ఆలోచన, అనేది రోజూ వినిపించే మాటే.

లింగ వచనాల పొత్తు మన భాషలో లేదు కాబట్టి తెలుగువాళ్ళకి కష్టం అని తరచూ వింటుంటాను. నేను ఒప్పుకోను. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు అన్నప్పుడు 'మంచి' మారని మాట నిజమే. కానీ అదే మాటని వాక్యం చివరికి తీసుకెళ్ళండి. వాడు మంచివాడు, ఆమె మంచిది, వాళ్ళు మంచివాళ్ళు. నేను మంచివాణ్ణి, మనం మంచివాళ్ళం అని పురుష భేదం కూడా చూపిస్తాం. స్పానిష్ అంత దూరం పోదు. కాబట్టి ఎవరి గురించి మాట్లాడుతున్నామో దాన్ని బట్టి మాట చివర మార్చడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటే. స్పానిష్ అడిగేదల్లా ఆ అలవాటుని నామవాచకం పక్కన కూడా పాటించమని. క్లాసులో ఈ సంగతి చెప్పాక 'ఇది మన భాషలో లేదు' అనే బెంగ చాలావరకు పోతుంది.

అయితే పదబంధంలో ఏది మారాలి? విశేషణం మాత్రమే. ఎడమనున్న మోతాదు మాట క్రియావిశేషణం కాబట్టి కదలదు. మూయ్ దగ్గర ఎవరూ తడబడరు, అది ఎక్కడా మారదు. చిక్కంతా మేదియో (సగం), దెమసియాదో (మరీ) లాంటి మాటల దగ్గర. ఇవి రెండు వేషాల్లో తిరుగుతాయి. 'దెమసియాదా ఆగ్వా' అంటే మరీ ఎక్కువ నీళ్ళు. ఇక్కడ అది నామవాచకానికి సంబంధించింది, అందుకే స్త్రీలింగంలోకి మారింది. 'ఎస్తా దెమసియాదో కన్సాదా' అంటే ఆమె మరీ అలిసిపోయింది. ఇక్కడ అది కన్సాదా అనే విశేషణానికి మోతాదు చెబుతోంది, అందుకే 'ఓ'తోనే ఉండిపోయింది. పక్కనే స్త్రీలింగ విశేషణం కనిపిస్తుంది కాబట్టి చెయ్యి దానంతటదే 'ఆ' రాసేస్తుంది. అలా రాయబోయినప్పుడు ఆగి, ఈ మాట ఎవరికి సేవ చేస్తోంది అని అడగాలి.

ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. క్లాసులో తరచూ బోర్డు మీద రాసేది ఇదే:

'లాస్ ఆలూమ్నాస్, బస్తాంతె కన్సాదాస్ దె రెపెతీర్ లాస్ మీస్మాస్ ఫ్రాసెస్, ఎస్తాబాన్ మేదియో దొర్మీదాస్.'

అవే వాక్యాలు మళ్ళీ మళ్ళీ చెప్పి బాగా అలిసిపోయిన విద్యార్థినులు సగం నిద్రలో ఉన్నారు. ఇందులో విశేషణ పదబంధాలు రెండు. మొదటిది బస్తాంతెతో మొదలై ఫ్రాసెస్ దాకా సాగింది, అంటే కామాల మధ్య ఉన్నదంతా. దాని కేంద్రం కన్సాదాస్. ఎడమన బస్తాంతె ఏకవచనంలోనే ఉంది, బస్తాంతెస్ కాలేదు. కుడిన 'దె రెపెతీర్ లాస్ మీస్మాస్ ఫ్రాసెస్'. ఆ కుడి భాగం లోపల మీస్మాస్ అనే మరో మాట ఉంది. దాని స్త్రీలింగ బహువచనం ఫ్రాసెస్ వల్ల వచ్చింది, విద్యార్థినుల వల్ల కాదు. కన్సాదాస్ మాత్రం అంత దూరంలో ఉన్న ఆలూమ్నాస్‌ని బట్టి మారింది. ఒకే పదబంధంలో రెండు మాటలు, ఇద్దరు వేర్వేరు యజమానులు. రెండో పదబంధం 'మేదియో దొర్మీదాస్'. దొర్మీదాస్ మారింది, మేదియో మారలేదు. ఆలూమ్నాస్ తీసేసి ఆలూమ్నోస్ పెట్టి చూడండి. కన్సాదోస్, దొర్మీదోస్ అని రెండే రెండు విశేషణాలు మారతాయి, ముందున్న లాస్ లోస్ అవుతుంది. బస్తాంతె, మీస్మాస్, మేదియో ఎక్కడివక్కడే ఉంటాయి. ఇలా ఒక్క నామవాచకాన్ని మార్చి, ఏవి కదిలాయో ఏవి కదల్లేదో చూడటం కన్నా మంచి అభ్యాసం నాకు తెలీదు.

రంగులకీ ఇదే లెక్క. నీలి కళ్ళు 'ఓహోస్ అసూలెస్'. లేత నీలి కళ్ళు అయితే 'ఓహోస్ అసుల్ క్లారో' అంటారు. ఇక్కడ క్లారో అంటే లేత అనేది కళ్ళ గురించి కాదు, నీలం గురించి. అందుకే మొత్తం ఏకవచనంలో ఆగిపోయింది. 'అసూలెస్ క్లారోస్' అన్నా తప్పు కాదు.

ఇక కుడిపక్క. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఏ విశేషణం వెనక ఏ చిన్న మాట రావాలి అనేది తర్కంతో తేలదు, ఆ విశేషణంతో పాటే నేర్చుకోవాలి. మనం నీళ్ళ'తో' నిండిన అంటాం, వాళ్ళు యేనో 'దె' అంటారు. మనం ఫలానా విషయం 'మీద' ఆసక్తి అంటాం, వాళ్ళు ఇంతెరెసాదో 'ఎన్'. దేని'గురించో' దిగులు పడితే ప్రెఒకుపాదో 'పోర్'. ఒకరి'తో' ప్రేమలో పడితే ఎనమొరాదో 'దె'. విసిగిపోతే ఆర్తో 'దె'. ఒకరి'లా' ఉంటే పరెసీదో 'ఆ'. తెలుగు విభక్తిని తీసుకుని దానికి సమానమైన ప్రిపొజిషన్ వెతికితే సగంసార్లు దారి తప్పుతాం. అందుకే పదాల పట్టికలో యేనో, నిండిన అని రాసుకోవద్దని చెబుతాను. 'యేనో దె' అని ఇంటిపేరుతో సహా రాసుకోవాలి. నోట్‌బుక్‌లో ఆ ఒక్క అక్షరం అదనంగా ఉంటే, మాట్లాడేటప్పుడు వెతుక్కోవడం ఉండదు.

కొన్నిసార్లు ఆ కుడి భాగమే విశేషణం అర్థాన్ని తేల్చేస్తుంది. 'ఎస్ మూయ్ లీస్తా' అంటే ఆమె చాలా తెలివైనది. 'ఎస్తా లీస్తా పారా సలీర్' అంటే బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. సేర్, ఎస్తార్ అనే రెండు 'ఉండు' క్రియల మీద ఎన్నో పేజీల వివరణలుంటాయి. వాటిలో చాలా భాగం నిజమే. కానీ 'పారా సలీర్' అనే తోక కనబడగానే ఇది సిద్ధంగా ఉండటం గురించి అని తెలిసిపోతుంది, ఎస్తార్ దానంతటదే నోటికి వస్తుంది. మాటని విడిగా కాకుండా పదబంధంగా చూస్తే ఈ లాభం ఉంది.

పదబంధం ఎక్కడ ముగిసిందో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. స్పానిష్‌లో 'లో' అనే చిన్న సర్వనామం సేర్, ఎస్తార్ తర్వాత వచ్చే విశేషణ పదబంధం మొత్తాన్నీ మింగేస్తుంది. 'ఎస్తాన్ కన్సాదాస్ దె రెపెతీర్ లాస్ ఫ్రాసెస్?' అని అడిగితే, 'సీ, లో ఎస్తాన్' అని జవాబు. అవును, అలిసిపోయారు అని. ఆ ఒక్క 'లో'లో కన్సాదాస్ నుంచి ఫ్రాసెస్ దాకా అంతా ఇమిడిపోయింది. అడిగింది ఆడవాళ్ళ గురించైనా, పదిమంది గురించైనా 'లో' మారదు. 'లాస్ ఎస్తాన్' అనకూడదు. 'లో' ఎంత మేరకు మింగిందో అంత మేరా ఒకే పదబంధం.

ఇప్పుడు ఒక జంట వాక్యాలు. 'ఎస్తాస్ రేగ్లాస్ సోన్ ఫాసిలెస్ దె ఎంతెందేర్.' ఈ నియమాలు అర్థం చేసుకోవడానికి తేలిక. 'ఎస్ ఫాసిల్ ఎంతెందేర్ ఎస్తాస్ రేగ్లాస్.' ఈ నియమాల్ని అర్థం చేసుకోవడం తేలిక. అర్థంలో పెద్ద తేడా లేదు, నిర్మాణంలో మాత్రం చాలా ఉంది. మొదటిదానిలో కర్త రేగ్లాస్. అందుకే క్రియ, విశేషణం రెండూ బహువచనంలోకి వెళ్ళాయి. 'దె ఎంతెందేర్' అనేది ఫాసిలెస్‌కి కుడిపక్క తోక, పదబంధంలో భాగం. రెండోదానిలో కర్త 'అర్థం చేసుకోవడం' అనే పనే. ఫాసిల్ ఒంటరిగా, ఏకవచనంలో ఉంది. మధ్యలో 'దె' పెట్టడానికి చోటే లేదు. ఈ రెండూ కలిపేసి 'ఎస్ ఫాసిల్ దె ఎంతెందేర్ ఎస్తాస్ రేగ్లాస్' అని రాసేవాళ్ళు చాలామంది. వాళ్ళకి 'దె తీసెయ్యండి' అని చెప్పి వదిలేస్తే మళ్ళీ అదే రాస్తారు. ఈ 'దె' ఏ పదబంధంలోది, దాని కర్త ఎవరు అని అడిగితే వాళ్ళే సరిచేసుకుంటారు.

తోకలో పూర్తి వాక్యం కూడా రావచ్చు. 'ఎస్తోయ్ సెగూరా దె కె బియేనె', ఆమె వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఇక్కడ 'దె' వదిలేసి 'సెగూరా కె' అనడం మాటల్లో వినిపిస్తూనే ఉంటుంది. రాతలో మాత్రం 'దె' ఉంచడమే మంచిది. సందేహం వస్తే ప్రశ్న వేసుకోవాలి: దేని గురించి నమ్మకం? 'దె కే?' ప్రశ్నలో 'దె' ఉంటే జవాబులోనూ ఉంటుంది. ఇంకో విశేషం, కేంద్రంలో ఉన్న విశేషణం ఆ తోకలోని క్రియారూపాన్ని కూడా శాసిస్తుంది. నమ్మకం ఉంటే బియేనె. 'నో ఎస్తోయ్ సెగూరా దె కె' అని నమ్మకం సడలగానే అది బేంగా అయిపోతుంది. 'ఎస్తోయ్ కొంతెంతా దె కె బేంగాస్', నువ్వు వస్తున్నందుకు సంతోషంగా ఉంది, అన్నప్పుడు రావడం ఖాయమే, అయినా భావోద్వేగం ఉంది కాబట్టి క్రియ మారింది. ఈ మారిన క్రియారూపమే సబ్జంక్టివ్. ఆ పేరు వింటే టెన్షన్ పడేవాళ్ళు దాన్ని ఈ దారిలో కలుసుకుంటే అంత భయపెట్టదు.

విశేషణం ముందా, తర్వాతా అనే ప్రశ్నకి ప్రపంచ పటమే మంచి పాఠ్యపుస్తకం. కోస్తా రికాలో కోస్తా స్త్రీలింగం కాబట్టి రికా. ప్యూర్టో రికోలో ప్యూర్టో పురుషలింగం కాబట్టి రికో. ఒకటి సంపన్న తీరం, ఇంకొకటి సంపన్న రేవు, రెండింటిలోనూ విశేషణం తర్వాతే. బ్యూనస్ ఎయిర్స్‌లో విశేషణం ముందుకొచ్చింది, పురుషలింగ బహువచనంలో. గ్రాన్ కనారియా, మాడ్రిడ్‌లోని గ్రాన్ బీయా చూస్తే ఇంకో నియమం దొరుకుతుంది. ఏకవచన నామవాచకం ముందుకొస్తే గ్రాందె కాస్తా గ్రాన్ అవుతుంది, స్త్రీలింగమైనా సరే. బ్వేనో మాత్రం పురుషలింగ ఏకవచనం ముందే కురచబడి బ్వేన్ అవుతుంది. 'బ్వేన్ లిబ్రో', కానీ 'బ్వేనా ఇదేఆ'.

చోటు మారితే అర్థం మారే విశేషణాలు కొన్ని అందరికీ తెలిసినవే. 'ఉన్ బియేహో అమీగో' పాత స్నేహితుడు, 'ఉన్ అమీగో బియేహో' వయసు మళ్ళిన స్నేహితుడు. 'పోబ్రె ఓంబ్రె' అంటే పాపం మనిషి, 'ఓంబ్రె పోబ్రె' అంటే డబ్బు లేని మనిషి. జాబితాగా బట్టీ పట్టడం కన్నా, తర్వాత వచ్చేది గుంపులోంచి వేరు చేసి చూపిస్తుందనీ, ముందు వచ్చేది మాట్లాడేవాళ్ళ భావాన్ని అద్దుతుందనీ గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది.

అన్ని విశేషణాలూ ఎడమన 'మూయ్'ని ఒప్పుకోవు. 'ఎనెర్హీయా సొలార్' సౌరశక్తి. చాలా సౌరమైన శక్తి అని ఉండదు, ఉంటే సౌరం, లేకపోతే కాదు. ఇలాంటివి రకాన్ని చెబుతాయి, గుణాన్ని కాదు. అవి నామవాచకానికి అతుక్కునే ఉంటాయి. 'ఉనా క్రీసిస్ ఎకొనోమికా మూయ్ గ్రాబె' అన్నప్పుడు ముందు ఆర్థిక అనే రకం, తర్వాత చాలా తీవ్రమైన అనే గుణం. అయితే 'ఉనా ఆక్తితూద్ మూయ్ ఎస్పన్యోలా' అనొచ్చు. అక్కడ స్పానిష్ అనే మాట దేశాన్ని వదిలి ఒక స్వభావాన్ని చెబుతోంది. మూయ్ పెట్టి చూస్తే చాలు, మాట ఏ పక్షమో బయటపడుతుంది.

నీళ్ళ గురించి చెప్పకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. 'ఎల్ ఆగ్వా ఎస్తా మూయ్ ఫ్రీయా', నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి. ముందు ఎల్ అనే పురుషలింగ ఆర్టికల్, చివర ఫ్రీయా అనే స్త్రీలింగ విశేషణం. ఆగ్వా ఎప్పుడూ స్త్రీలింగమే. ఊనిక పడిన 'ఆ'తో మొదలవుతుంది కాబట్టి దాని ముందు లా బదులు ఎల్ వస్తుంది, అంతే. విశేషణం ఆర్టికల్‌ని చూడదు, నామవాచకాన్ని చూస్తుంది. బహువచనంలో లాస్ ఆగ్వాస్ అనగానే అసలు రూపం కనిపిస్తుంది.

నామవాచకం అసలు లేకుండా పోయినా పదబంధం నిలబడుతుంది. 'కియేరో లా మాస్ బరాతా', అన్నిటిలో చవకైనది కావాలి. 'లోస్ మాస్ హోబెనెస్', అందరికన్నా చిన్నవాళ్ళు. 1492లో ఆంతోనియో దె నెబ్రీహా అనే పండితుడు తెచ్చిన స్పానిష్ వ్యాకరణం భాషాభాగాలు పది అని లెక్క చెప్పింది, వాటిలో విశేషణానికి విడిగా చోటు లేదు. అది నామం కిందే లెక్క. ఈ వాక్యాలు చూస్తే ఆయన ఎందుకలా అనుకున్నాడో అర్థమవుతుంది. మన 'మంచివాడు', 'పెద్దది' కూడా ఇలాంటివే.

చివరగా, మాటల్లో ఎంతో వినిపించినా మొదటి పుస్తకాల్లో కనిపించని ఒక ప్రయోగం. 'నో సాబెస్ లో దిఫీసిలెస్ కె సోన్ ఎస్తోస్ బేర్బోస్.' ఈ క్రియలు ఎంత కష్టమో నీకు తెలీదు. ఇక్కడ 'లో' సర్వనామం కాదు, ఎడమపక్క మోతాదు స్థానంలో వచ్చి 'ఎంత' అనే పని చేస్తోంది. 'లో' పక్కన ఉంది కదా అని దిఫీసిల్ అని ఏకవచనంలో ఆపెయ్యకూడదు. బేర్బోస్ వాక్యం చివర్లో ఉన్నా విశేషణం దానికోసం ముందే బహువచనంలోకి వెళ్ళిపోయింది. అంటే మాట్లాడేవాళ్ళు దిఫీసిలెస్ అనేసరికే చివర రాబోయేది క్రియలని మనసులో తెలుసుకుని ఉండాలి. నా విద్యార్థులు మొదట్లో ఇక్కడ ఆగి, వాక్యం చివరిదాకా ఊహించుకుని మళ్ళీ మొదలుపెడతారు. అలా ఆగడంలో తప్పేమీ లేదు, ఆగమనే చెబుతాను.